కంటికి కానరాని వెలుగు

సాయంకాలము దీపము పెట్టు వేళకు ఇంటిలో రేడియో మ్రోగుచుండును. ఎక్కడనో పాడిన పాట పొలములు దాటి, గోడలు దాటి మన చావడిలోనికి వచ్చును. దానిని మోసికొని వచ్చు తరంగము మన కంటికి కనబడదు, చేతికి తగులదు. పెట్టె ఒక్కటే దానిని గుర్తుపట్టును. మనము దీనికి ఎంతగా అలవాటుపడితిమనగా, ఇందులో ఆశ్చర్యపడవలసినది కలదన్న మాటయే మరచితిమి. ఆ తరంగమును మొట్టమొదట పట్టి చూపిన బల్లమీదనే, ఆ దినములలోనే, ఆ మనుష్యునికే మరియొక కానరాని వెలుగు చేయు పని కూడ కనబడినది. రేడియో తరంగము మన ఇంటివరకు వచ్చినది. రెండవదాని కథ ప్రయోగశాలల గడప దాటి అంతగా రాలేదు. ఆ కథను ఇచ్చట చెప్పదలచితిమి.

ఆ వెలుగు పేరు అతినీలలోహిత కిరణము. ఇంద్రధనుస్సులో ఊదారంగు ముగిసిన చోట మన చూపు ముగియును; వెలుగు మాత్రము ముగియదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో తిరిగిన వాని చర్మము కమలుట కొన్ని గంటలు గడచిన పిమ్మట గాని తెలియదు. వీథిలో వెల్డింగు పని చేయువాడు ముసుగు లేక ఆ వెలుగును చూచినచో, ఆ రాత్రి కన్నులలో ఇసుక పోసినట్లుండును. దెబ్బ తగిలినప్పుడు తెలియక, తరువాత తెలియు శత్రువు ఇది. అట్టి శత్రువును కనిపెట్టి యుండుటకు మన కన్ను చాలదు. వేరొక కన్నును చేసికొనవలెను. రెండు లోహముల ఆక్సైడులను కలిపి, వెంట్రుక మందములో వందవ వంతునకు మించని పొరగా పెంచి, మానవుడు అట్టి కన్నును చేసికొన్నాడు. ఆ పని ఒక్క దినములో అయినది కాదు. దానికి రెండువందల యేండ్లు పట్టినది.

1800వ సంవత్సరములో ఇంగ్లండునందు విలియం హెర్షెల్ సూర్యకాంతిని గాజు పట్టకముగుండ పంపి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకమును ఉంచి చూచెను. ఎరుపునకు ఆవల, రంగే లేని చోట, పాదరసము ఇంకను పైకెక్కెను. పరారుణ కిరణములు ఇట్లు తెలియవచ్చినవి. ఈ వార్త జర్మనీలోని యేనా పట్టణమున యోహాన్ విల్హెల్మ్ రిట్టర్ అను యువకుని చెవిని పడెను. అతడు మందుల దుకాణములో పని నేర్చినవాడు. ప్రకృతిలో ప్రతిదానికిని ఎదురు జత యొకటి ఉండితీరునని అతని నమ్మకము. ఎరుపునకు ఆవల ఏదో యున్నచో ఊదాకు ఆవల కూడ ఏదో యుండవలెనని అతడు తలచెను. వెండి క్లోరైడు వెలుగు తగిలినచో నల్లబడుననియు, ఊదా వెలుగున మరింత త్వరగా నల్లబడుననియు 1777లోనే షీలే చూపి యుండెను. 1801 ఫిబ్రవరిలో రిట్టర్ ఆ పదార్థమును పూసిన కాగితమును వర్ణపటములో ఉంచి చూడగా, ఊదాకు ఆవల, ఏ రంగును లేని చోటనే అది అన్నింటికంటె త్వరగా నల్లబడెను.

ఇందులో గమనింపదగినది ఒకటి కలదు. రిట్టరునకు దారి చూపిన నమ్మకము శాస్త్రము కాదు. కాని అతడు నమ్మకముతో తృప్తిపడక కాగితమును పెట్టి చూచినాడు. కాగితము చెప్పినదానినే వ్రాసినాడు. విద్యుత్తును తన శరీరము మీదనే ప్రయోగించి చూచుకొను అలవాటుచేత అతని ఆరోగ్యము చెడినది. 1810లో, ముప్పదిమూడు ఏండ్ల వయస్సున, పేదరికములో మ్యూనిక్ నగరమున మరణించెను.

నల్లబడిన ఆ కాగితమే అతినీలలోహిత కిరణమునకు మొదటి శోధకము. దానిలో లోపమేమన, ఒక్కసారి నల్లబడినది మరల తెల్లబడదు. వెలుగు వచ్చినదని చెప్పునే గాని, ఇప్పుడు ఉన్నదా పోయినదా అని చెప్పలేదు. నిజమైన కాపరి పొలములో నిలిచి, పక్షి వచ్చినప్పుడెల్ల కేక వేయవలెను. ఒక్కసారి కేక వేసి పడిపోయిన వాడు కాపరి కాడు.

ఇక ఈ వెలుగులోని తెగలను తెలిసికొందము. వెలుగు తరంగ దైర్ఘ్యమును నానోమీటర్లలో కొలుతురు. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. మన కన్ను సుమారు 400 మొదలు 700 నానోమీటర్ల వరకు చూడగలదు. 400 నుండి 315 వరకు గలది ఎ తెగ, 315 నుండి 280 వరకు బి తెగ, 280కి లోపలిది సి తెగ. తరంగము పొట్టిదగుకొలది దాని శక్తి హెచ్చు. సూర్యుడు ఈ మూడింటిని పంపుచున్నాడు. కాని సి తెగ నేలకు చేరదు, బి తెగలో స్వల్పభాగమే చేరును. పైని ఓజోను వాయువు దానిని పట్టి ఆపుచున్నదని 1881లో హార్ట్లీ ఊహించెను. 1913లో ఫ్రాన్సు దేశస్థులైన ఫాబ్రీ, బ్యూసన్ అనువారు కొలిచి దృఢపరచిరి. ఆకాశములోని ఆ ఓజోనునంతను నేలమట్టపు ఒత్తిడికి దింపి పేర్చినచో మూడు మిల్లీమీటర్ల మందము మాత్రము ఉండును. ఈ భూమిమీది ప్రాణులకు గొడుగు అంతటిదే.

ఆ గొడుగు పలుచనగుచున్నదా అని ఎట్లు తెలియును? ఆక్స్‌ఫర్డునందు డాబ్సన్ 1920 ప్రాంతపు సంవత్సరములలో ఒక యంత్రమును నిర్మించెను. ఓజోను ఎక్కువగా మ్రింగు అతినీలలోహిత కిరణమునొకదానిని, తక్కువగా మ్రింగు దానినొకదానిని పోల్చి చూచుటయే అందలి కిటుకు. అట్టి యంత్రముతోనే అంటార్కిటికాలో ఏండ్ల తరబడి కొలతలు తీసిన ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అను మువ్వురు, అచ్చటి ఓజోను ప్రతి వసంతమునను దారుణముగా తరుగుచున్నదని 1985లో ప్రకటించిరి. లోకము మేలుకొన్నది. కానరాని వెలుగును కొలుచుట పండితుల వేడుక మాత్రమే కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

ఇప్పుడు మొదట చెప్పిన బల్లయొద్దకు పోదము. 1887లో కార్ల్‌స్రూహె పట్టణమున హైన్రిఖ్ హెర్ట్జ్ ఒకచోట విద్యుత్స్ఫులింగమును పుట్టించి, దూరముననున్న రెండవ తీగచుట్టలో దాని ప్రతిధ్వనివలె చిన్న స్ఫులింగము వెలువడుటను పరిశీలించుచుండెను. రేడియో తరంగములకు అదియే తొలి నిదర్శనము. ఆ చిన్న స్ఫులింగము చక్కగా కనబడుటకై దానిచుట్టు చీకటిపెట్టెను అమర్చగా, చిత్రముగా అది పొట్టిదైపోయెను. తరంగమును పట్టుటకు చీకటి అడ్డురానేల? హెర్ట్జ్ ఆ చిన్న చిక్కును విడువలేదు. నడుమ గాజు పెట్టి చూచెను, స్ఫులింగము పొట్టిదయ్యెను. స్ఫటికశిల పలకను పెట్టి చూచెను, తగ్గలేదు. గాజు ఆపి, స్ఫటికశిల ఆపనిది అతినీలలోహిత కిరణము. మొదటి స్ఫులింగము నుండి వచ్చిన ఆ కిరణము రెండవదానికి తోడుపడుచున్నదన్నమాట. చూచినది చూచినట్లు ప్రకటించి, హెర్ట్జ్ మరల తన తరంగముల పనికి పోయెను. 1894లో, ముప్పదియారు ఏండ్లకే, మరణించెను.

1888లో హాల్‌వాక్స్ ఈ విషయమును ముందునకు నడపెను. మెరుగుపెట్టిన తుత్తునాగపు రేకునకు ఋణవిద్యుత్తునిచ్చి, దానిమీద అతినీలలోహిత కిరణములు పడునట్లు చేయగా, ఆ విద్యుత్తు జారిపోయెను. వెలుగు లోహము నుండి ఎలక్ట్రానులను వెడలగొట్టుచున్నదని తరువాత తెలిసినది. వెలుగు గింజలు గింజలుగా వచ్చునని 1905లో ఐన్‌స్టయిన్ చెప్పిన సిద్ధాంతము దీనికి కారణమును వివరించెను. ఆ తుత్తునాగమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. మన కథలోనికి అది మరల వచ్చును.

ఈ ధర్మము నాధారము చేసికొని గాజుబుడ్లలో అనేక శోధకములు తయారైనవి. అవి మంచి పనివే; ఈనాటికిని ప్రయోగశాలలలో కలవు. కాని అవి సున్నితమైన బుడ్లు, హెచ్చు వోల్టేజి కోరునవి. రేడియోలలో వాల్వులను తొలగించి ట్రాన్సిస్టరు వచ్చినట్లు, ఇచ్చట కూడ బుడ్డి పోయి ఘనపదార్థము రావలెనని కోరిక పుట్టుట సహజము. ఆ ఘనపదార్థములే అర్ధవాహకములు.

అర్ధవాహకములో ఎలక్ట్రానులు గట్టునకు ఒకవైపు నిలిచిన నీటివలె ఉండును. గట్టు దాటినచో ప్రవాహము. దాటనిచో ఏమియు లేదు. వెలుగు గింజ ఎలక్ట్రానును ఎత్తి గట్టు దాటించును. గట్టు ఎంత ఎత్తున్నదో అంత శక్తిగల గింజ కావలెను. ఈ ఎత్తును ఎలక్ట్రాన్‌వోల్టులలో కొలుతురు. 1240ని ఆ ఎత్తుచేత భాగించినచో, ఎన్ని నానోమీటర్లకు లోపలి వెలుగునకు ఆ పదార్థము స్పందించునో తెలియును. సిలికాను గట్టు 1.12 మాత్రమే. కనుక అది కనబడు వెలుగునకెల్ల స్పందించును. దానిచేత అతినీలలోహిత కిరణములను చూపింపవలెనన్నచో, తక్కిన వెలుగునంతను ఆపు వడపోత పలకలను ముందు పెట్టవలెను. ఆ పలకలును కాలక్రమమున పాడగును. సంతలో ఒక్క మనిషి గొంతును వినుటకు తక్కిన వారందరి నోళ్లు మూయించుట వంటిది ఇది. ఆ ఒక్క గొంతుకే పలుకు చెవియున్నచో ఎంత సుఖము! అనగా గట్టు ఎత్తైన పదార్థము కావలెను. అది లోహముల ఆక్సైడులలో దొరికినది.

దీనికి పూర్వరంగము మన దేశమున కూడ కొంత కలదు. కలకత్తాలో జగదీశచంద్ర బోసు గెలీనా అను సీసపు ఖనిజముతో విద్యుత్తరంగములను పట్టు సాధనమును చేసి, 1901లో అమెరికాయందు పేటెంటునకు దరఖాస్తు పెట్టగా 1904లో అది మంజూరైనది. ఆ సాధనము హెర్ట్జ్ తరంగములకే కాక వెలుగునకును స్పందించునని ఆ పత్రమునందే యున్నది. పూర్వము చెవిగొట్టములు పెట్టుకొని గెలీనా రేడియోలను విన్న పెద్దలకు ఈ ఖనిజము పాత చుట్టమే. రేడియో తరంగము, వెలుగు ఒక్క కుటుంబమువని బోసుగారి రాయి మరియొకసారి చాటినది.

ఆక్సైడుల పొరలకు ఆదిపురుషుడు కార్ల్ బేడెకర్. యాత్రికులకు మార్గదర్శక గ్రంథములను ప్రచురించి పేరుగాంచిన బేడెకర్ కుటుంబమువాడు. 1907లో అతడు గాజుమీద కాడ్మియము లోహపు పలుచని పొరను పూసి, గాలి తగులునట్లు వేడిచేసెను. లోహము ఆక్సైడుగా మారి, పొర గాజువలె పారదర్శకమయ్యెను. అయినను విద్యుత్తును ప్రసరింపజేసెను. అంతవరకు వెలుగును పోనిచ్చునది విద్యుత్తును పోనీయదు, విద్యుత్తును పోనిచ్చునది వెలుగును పోనీయదు అని అందరి అనుభవము. ఆ రెండు గుణములు ఒక్క పొరలో కలిసియుండుట అప్పుడు కనబడినది. ఈనాడు చేతిలోని ఫోను తెరకు వ్రేలు తగిలినప్పుడు స్పందించునది అట్టి పారదర్శకపు ఆక్సైడు పొరయే. బేడెకర్ దానిని చూడలేదు. మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమైన 1914 ఆగస్టులోనే, బెల్జియమునందలి లియేజ్ వద్ద, ముప్పదియేడు ఏండ్ల ప్రాయమున నేలకొరిగెను.

ఆ కాలమున అర్ధవాహకములనగా పెద్ద శాస్త్రజ్ఞులకు చిన్నచూపు. పౌలీ వంటి మేధావి 1931లో ఒక మిత్రునికి వ్రాయుచు, అది మురికి పని, దాని జోలికి పోరాదని హెచ్చరించెను. కారణము లేకపోలేదు: అత్యల్పమైన మలినము చేరినను వాని గుణములు తారుమారగుచుండెను. ఆ సంవత్సరమే అలన్ విల్సన్ వానికి సిద్ధాంతమును కూర్చెను. 1933లో బౌంబాఖ్, వాగ్నర్ అనువారు తుత్తునాగపు ఆక్సైడును వేడిచేసి, చుట్టునున్న ప్రాణవాయువును హెచ్చించి తగ్గించి చూచిరి. ప్రాణవాయువు హెచ్చినచో దాని వాహకత తగ్గెను. స్ఫటికములో ప్రాణవాయువు కొంచెము కొరవడుటయే దాని వాహకతకు మూలమని దీనివలన తోచినది. మురికి యనుకొన్నదే పనిముట్టైనది.

తుత్తునాగపు ఆక్సైడు మనకు క్రొత్తది కాదు. వైద్యులిచ్చు యశదభస్మములో ముఖ్యముగా నున్నది అదియే. దురదకు పూయు కాలమైను మందులో నున్నదియు అదియే. దాని గట్టు ఎత్తు 3.37 ఎలక్ట్రాన్‌వోల్టులు; అనగా 368 నానోమీటర్లకు లోపలి వెలుగునకు మాత్రమే స్పందించును. పగటివెలుగు దానికి కనబడదు, అతినీలలోహితము కనబడును. జర్మనీలో మోల్వో మొదలగువారు దీనిని దీర్ఘకాలము పరిశోధించిరి. 1959 నాటికి హైలండు, మోల్వో, ష్టోక్‌మన్ కలిసి ఆ విజ్ఞానమునంతను ఒక పెద్ద సమీక్షగా కూర్చిరి.

కాని ఈ కాపరికి ఒక జాడ్యము కలదు. వెలుగు పడగానే కేకవేయును గాని, వెలుగు పోయినను కేక మానడు. ఒక్కొక్కప్పుడు నిమిషములు, గంటలు గడచినను ప్రవాహము ఆగదు. దీనికి కారణమును 1957లో మెల్నిక్ వివరించెను. గాలిలోని ప్రాణవాయువు స్ఫటికపు ఉపరితలమున అంటుకొని ఎలక్ట్రానులను పట్టి యుంచును. వెలుగు పడినప్పుడు ఆ వాయువు విడిపోయి ఎలక్ట్రానులు స్వేచ్ఛ నొందును. వెలుగు పోయిన పిమ్మట వాయువు మరల మెల్లమెల్లగా వచ్చి అంటుకొనువరకు ఆ ప్రవాహము సాగుచునే యుండును. కనుక దోషము ఎక్కువగా ఉపరితలముదే. పొడిగా నున్నప్పుడును, రేణువులు విడివిడిగా నున్నప్పుడును ఉపరితలము విస్తారము, దోషమును విస్తారమే. ఒక్క స్ఫటికమువలె ఒద్దికగా అమరిన పొరను పెంచగలిగినచో ఈ జాడ్యము తగ్గవలెను.

రెండవ చిక్కు వేరు. 368 నానోమీటర్లకు లోపలిదంతయు చూచు కన్ను ఎ తెగను చూచును, బి తెగను చూచును, భేదమెరుగదు. చర్మమునకు చేటు చేయు బి తెగనే చూడవలెనన్నచో గట్టును ఇంకను ఎత్తు చేయవలెను. ఎట్లు? మెగ్నీషియము ఆక్సైడు గట్టు సుమారు 7.8 ఎలక్ట్రాన్‌వోల్టులు. తుత్తునాగపు అణువులు కొన్ని తీసి ఆ స్థానములలో మెగ్నీషియమును కూర్చుండబెట్టినచో, కలిపిన పాలును బట్టి గట్టు లేచును. కోరిన రంగుకొఱకు రెండు రంగులను కలుపునట్లే, కోరిన గట్టుకొఱకు రెండు లోహములను కలుపుట. ఆ రెండింటి పరిమాణములు ఇంచుమించు సమానమే గనుక ఒకదాని స్థానమున మరియొకటి చక్కగా ఇముడును.

అయితే ఈ రెండు లోహముల కాపురములు వేరు. తుత్తునాగపు ఆక్సైడు స్ఫటికము షట్కోణపు అమరిక; అందులో ఒక్కొక్క లోహపు అణువునకు నలుగురు ప్రాణవాయువు పొరుగువారు. మెగ్నీషియము ఆక్సైడుది ఘనాకారపు అమరిక, పొరుగువారు ఆరుగురు. కొలిమిలో కలిపి నిదానముగా కాచినచో, తుత్తునాగపు ఇంటిలో మెగ్నీషియము నూటికి నాలుగు పాళ్లకు మించి ఇమడదు. మిగిలినది విడిపోయి తన ఇల్లు తాను కట్టుకొనును. ఇది మన వంటయింటి పాకము వంటిదే. మరుగుచున్నప్పుడు పాకము ఎంతో చక్కెరను ఇముడ్చుకొనును. నిదానముగా చల్లారునప్పుడు అదనపు చక్కెర పలుకులు కట్టి విడిపోవును. కాని దానినే రాతిమీద పోసి ఒక్కసారిగా చల్లార్చినచో, పలుకు కట్టుటకు వ్యవధి లేక చక్కెర అంతయు ఉన్నది ఉన్నట్లే బిగిసిపోవును. మిఠాయి బిళ్ళల వారికి తెలిసిన ఈ కిటుకు ఆక్సైడులకును కావలసివచ్చినది.

ఆ కిటుకును లేసరు నేర్పినది. 1960లో మైమన్ కెంపు లేసరును వెలిగించెను. 1965లో స్మిత్, టర్నర్ అనువారు ఆ లేసరుతో పదార్థములను ఆవిరిచేసి పొరలుగా పేర్చి చూచిరి. ఇరువది యేండ్లకు పైగా ఈ పద్ధతిని పట్టించుకొన్నవారు తక్కువ. 1987లో అమెరికాలోని బెల్‌కోర్ ప్రయోగశాలయందు, మన దేశమున చదువుకొని వెళ్లిన వెంకటేశన్, ఆయన సహచరులు మూడు లోహముల ఆక్సైడైన ఒక అతివాహకమును ఈ విధముగా పొరగా పెంచి, పాళ్లు చెడకుండ దించవచ్చునని చూపిరి. అప్పటి నుండి ఇది లోకమంతట వ్యాపించినది.

దాని విధానమిది. రెండు ఆక్సైడుల పొడులను తగు పాళ్లలో కలిపి, బిళ్ళగా అదిమి, కొలిమిలో కాల్చి గట్టిపరతురు. గాలిని తోడివేసిన ఉక్కు పాత్రలో ఆ బిళ్ళనుంచి, దానికెదురుగా రంగులేని నీలమణి పలకను వేడిచేసి యుంతురు. కిటికీగుండ లేసరు దెబ్బలు బిళ్ళమీద పడును. ఒక్కొక్క దెబ్బ సెకనులో కోటియవ వంతు కంటెను తక్కువ కాలము. ఆ దెబ్బకు బిళ్ళ ఉపరితలము ఆవిరియై, వెలుగుచున్న ఈకవలె పైకి లేచి, ఎదుటి పలకమీద పేరుకొనును. వ్యవధి చాలనందున రెండు లోహములు విడిపోవక కలిసియే స్ఫటికమగును. సన్నని ప్రాణవాయువును పాత్రలోనికి విడిచి ఆక్సైడునకు కొరత రాకుండ చూతురు. తుత్తునాగము తొందరగా మరల ఆవిరియగు స్వభావముగలది. కనుక బిళ్ళలోని దానికంటె పొరలో మెగ్నీషియము పాలు హెచ్చుగా నుండును. ఇట్టి లెక్కలన్నియు తెలిసినవాడే పొరను కోరినట్లు పెంచగలడు. ఇందులో ఒక చమత్కారము: వాడు లేసరు సాధారణముగా 248 నానోమీటర్లది. అతినీలలోహితమును పట్టు కన్నును అతినీలలోహితమే చెక్కుచున్నది!

1998లో జపానునందు ఓటోమో, కవసాకి, కోయినుమ మొదలగువారు ఈ మార్గమున మెగ్నీషియమును నూటికి 33 పాళ్ల వరకు షట్కోణపు ఇంటిలోనే ఇమిడ్చిరి. గట్టు 3.99 ఎలక్ట్రాన్‌వోల్టులకు లేచెను. అనగా స్పందన 311 నానోమీటర్ల వద్ద మొదలగును. అది బి తెగలోనిదే. నాలుగు పాళ్లకు మించదన్న కొలిమి శాసనమును లేసరు అతిక్రమించినదన్నమాట. 2001లో అమెరికాలోని మేరీలాండు విశ్వవిద్యాలయమున యాంగ్, విస్పుటే, వెంకటేశన్ మొదలగువారు 34 పాళ్ల మెగ్నీషియముగల పొరమీద లోహపు దువ్వెనల వంటి తీగలను గీసి శోధకమును నిర్మించిరి. 5 వోల్టుల వద్ద, 308 నానోమీటర్ల వెలుగునకు, వాట్టునకు 1200 ఆంపియర్ల చొప్పున స్పందన లభించినది. అనగా ఒక మైక్రోవాట్టు వెలుగు పడినచో 1200 మైక్రోఆంపియర్లు. వెలుగు పడిన 8 నానోసెకనులలో ప్రవాహము లేచెను; వెలుగు పోయిన పిమ్మట ఒకటిన్నర మైక్రోసెకనులోపల తగ్గెను. గంటల తరబడి కేకలు మానని పాత కాపరికిని దీనికిని ఎంత భేదమో పాఠకులే చూడవచ్చును.

అంతటితో కథ ముగిసినదని చెప్పజాలము. 280కి లోపలి సి తెగను మాత్రమే చూచు కన్ను, అనగా పట్టపగటి ఎండకు కూడ గ్రుడ్డిదైన కన్ను కావలెనన్నచో గట్టు 4.43 దాటవలెను. దానికి మెగ్నీషియము ఇంచుమించు సగపాలు కావలెను. సరిగా ఆ పాళ్ల వద్దనే షట్కోణము, ఘనాకారము రెండును తగవులాడుకొని పొర చీలును. కొందరు మెగ్నీషియమును ఇంకను హెచ్చించి పూర్తిగా ఘనాకారపు పొరలనే పెంచుచున్నారు. మరికొందరు ఈ తగవు లేకుండ, గట్టు 4.8 ప్రాంతమున గల గాలియము ఆక్సైడును ఆశ్రయించుచున్నారు. దానికి అల్యూమినియమును చేర్చినచో గట్టు హెచ్చును, ఇండియమును చేర్చినచో తగ్గును. ఏ లోహమైనను కిటుకు ఒక్కటే: కలిపి పాలు చూచుకొనుట.

లేసరును, శూన్యపాత్రను కొనలేని కళాశాల కూడ ఈ పనికి దూరము కానక్కరలేదు. లోహపు లవణములను నీటిలో కరిగించి, వేడి గాజుపలక మీద పిచికారి చేసినచో అక్కడికక్కడే ఆక్సైడు పొర ఏర్పడును. పెనము వేడి చాలనిచో అట్టు అంటుకొనునట్లే, పలక వేడి సరిపడనిచో పొర చెడును, అనుభవము కావలెను. ఇట్టి పొరల గుణములు లేసరు పొరలకు సాటిరావు గాని, ఖర్చు స్వల్పము. మన తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర విభాగములో పలుచని పొరల పరిశోధన దశాబ్దములుగా సాగుచున్నది.

ఇదంతయు మనకేల అని అడుగువారికి ఒక్క ఉదాహరణము చాలును. నేడు అనేక గృహములలో త్రాగునీటిని శుద్ధిచేయు పెట్టెలు గలవు. వానిలో కొన్నింటియందు పాదరసపు ఆవిరి దీపముండును. దాని 254 నానోమీటర్ల కిరణము సూక్ష్మజీవులను నిర్జీవములను చేయును. ఆ కిరణము మనకు కనబడదు. దానివెంట వచ్చు కొద్దిపాటి నీలపు వెలుగే కనబడును. దీపము పాతబడినకొలది కిరణము తరుగును. నీలపు వెలుగు మాత్రము వెలుగుచునే యుండును. గృహిణి పెట్టెలోనికి తొంగిచూచి, దీపమున్నది గదా అని బిడ్డకు నీరు పోయును. ఆమె కన్ను ఆమెను మోసగించుచున్నది. ఆ కిరణమునే చూచు కన్ను ఆ పెట్టెలో నున్నచో మోసముండదు. పగటివేళ కంటికి ఆనని హైడ్రోజను మంటను పసిగట్టుటకును, విద్యుత్తు స్తంభములపై ఎక్కడ అవాహకము చెడి విద్యుత్తు కారుచున్నదో పట్టపగలే కనిపెట్టుటకును ఇట్టి కన్నులే కావలెను.

ముగించుటకు ముందు ఒక్క మాట. రిట్టర్ ముప్పదిమూడేండ్లకు, హెర్ట్జ్ ముప్పదియారేండ్లకు, బేడెకర్ ముప్పదియేడేండ్లకు గతించిరి. ఈ మువ్వురిలో ఏ యొక్కడును తన పని ఎచ్చటికి పోవునో ఎరుగడు. ఒకడు కాగితము నల్లబడుటను చూచెను. ఒకడు స్ఫులింగము పొట్టిదగుటను చూచెను. ఒకడు మసక లోహము గాజువలె తేటయగుటను చూచెను. ముగ్గురును తాము చూచిన చిన్న వింతను చిన్నదని త్రోసివేయలేదు. మన ఇంటి రేడియోయును, రేపు మన నీటిపెట్టెలో కూర్చుండబోవు చిన్న పొరయును, ఆ శ్రద్ధకే ఋణపడి యున్నవి. ఇంటిలోని పిల్లవాడు చీకటిపెట్టెలో స్ఫులింగమెందుకు పొట్టిదైనదని అడిగినచో, పనిలేని ప్రశ్నయని కసరక, గాజుముక్క నొకదానిని వాని చేతికిచ్చి చూడుమందముగాక.